పిల్లికూతలు

మా నాయిన పోయి పదిహేనేళ్లు దాటింది. ఇప్పుడు ఫొటో చూస్తే తప్ప ఆయన ముఖం సరిగ్గా గుర్తుకు రాదు. గొంతు కూడా మసకబారిపోయింది. ఊపిరి మాత్రం మరిచిపోలేదు. గాలి లోపలికి తీసుకునేటప్పుడు పెద్దగా చప్పుడు ఉండేది కాదు. వదిలేటప్పుడు సన్నగా, పక్క గదిలో ఎవరో ఈల వేస్తున్నట్టు, ఒక్కోసారి రెండు మూడు ఈలలు కలిసి పలికినట్టు వచ్చేది. నేను నర్సును. ఈ చప్పుడును దవాఖానలో పిల్లికూతలు అంటాం. ఎంతోమంది ఛాతీల్లో విన్నాను. ఎవరివి వాళ్లవే. మా నాయినవి ఎక్కడ వినబడ్డా గుర్తుపడతాననుకునేదాన్ని.

గత చలికాలం భూపాలపల్లిలో, మా ఇంటి వెనక వాకిట్లో, అవి మళ్లీ వినబడ్డాయి. ఆ సంగతి చెప్పాలంటే ముందు జనగామ సంగతి చెప్పాలి.

మా ఊరు జనగామకు దగ్గరే. ఊరి పక్కన ఒక గుట్ట ఉండేది. ఇప్పుడు అక్కడ సగం గుట్ట, సగం గొయ్యి ఉన్నాయి. మాకున్న కాస్త చెలకలో పంట సరిగ్గా రాక, నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు నాయిన ఆ గుట్ట దగ్గర క్రషర్‌లో పనికి కుదిరాడు. మొదట్లో రాతికి మిషన్‌తో రంధ్రాలు వేసేవాడు. తర్వాత రాళ్లు నలిగి కంకరగా పడేచోట నిలబడేవాడు. సాయంత్రం ఇంటికి తెల్లగా వచ్చేవాడు. జుట్టు, కనుబొమ్మలు, రెప్పల వెంట్రుకలు, చెవుల మీది నూగు, అన్నీ తెల్లగానే. నేను అది చూసి ముసలోడొచ్చిండు, ముసలోడొచ్చిండు అని వాకిట్లో గంతులు వేసేదాన్ని. ఆయన కూడా నడుం వంచి, చేతిలో లేని కర్ర పట్టుకుని, వణుక్కుంటూ నడిచి వచ్చేవాడు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు కూడా లేవు. నిజం ముసలితనం ఆయన చూడనే లేదు.

మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. నాయిన ఒళ్లు కడుక్కునేదాకా అవ్వ ఆయన్ని గడప దాటనిచ్చేది కాదు. ఆయన కడుక్కున్న బకెట్ అడుగున పిండిలాంటి బురద పేరుకునేది. అది ఆరితే సుద్దముక్కలా గట్టిపడేది. నేను దాంతో గచ్చు మీద అక్షరాలు దిద్దుకున్నాను. ఒంటి మీద దుమ్ము నీళ్లతో పోతోంది కదా, ఇక భయమేముందని మా ఇంట్లో అందరం అనుకున్నాం. లోపలికి పోయింది ఎట్లా కడగాలో ఎవరూ ఆలోచించలేదు. ముక్కుకు తువ్వాల చుట్టుకునేవాడు, అంతే.

హైస్కూలుకు వచ్చేసరికి నాకు ఆ తెలుపు సిగ్గుగా మారింది. బస్సు దిగి వచ్చే దారిలో నాయిన ఎదురుపడితే తల వంచుకుని పక్కకు తిరిగేదాన్ని. మీ నాయిన ఏం చేస్తడని ఎవరైనా అడిగితే ఎవుసం అని చెప్పేదాన్ని. చెప్పగా చెప్పగా అది నాకు నిజంలాగే నోట్లో ఆడేది. ఇంటర్ అయ్యాక హన్మకొండలో నర్సింగ్‌లో చేరాను. హాస్టల్లో కూడా నేను రైతుబిడ్డనే.

రెండో ఏడాది సెలవులకు ఇంటికి వస్తే నాయిన నన్ను తీసుకుపోవడానికి బస్టాప్‌కు వచ్చాడు. నా సంచి ఆయనే పట్టుకున్నాడు. మా ఇల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరానికి రెండుసార్లు ఆగాడు. మొదటిసారి చెప్పులో రాయి పడిందన్నాడు. రెండోసారి కరెంటు స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అప్పుడు విన్నాను ఆ చప్పుడు. పుస్తకంలో చదివి ఉన్నాను కాబట్టి నాకు అంతా తెలుసనుకున్నాను. బీడీలు తాగుతున్నావా అని గద్దించాను. ఎప్పుడో మానేశానని అన్నాడు. నేను నమ్మలేదు. ఇంటికి వెళ్లాక ఆయన చొక్కా జేబులు వెతికాను. ఏమీ దొరకలేదు. అప్పుడైనా తప్పు నాదేనని ఒప్పుకోలేదు.

మరుసటి రోజు జనగామలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోయాను. బల్ల దగ్గర పేర్లు రాసుకుంటున్న అమ్మాయి మా కాలేజీలో నాకు సీనియర్. నన్ను చూసి నవ్వి, నువ్వే నింపెయ్ అని కాగితం నా చేతిలో పెట్టింది. పేరు, వయసు, ఊరు రాశాను. తర్వాతి గడిలో వృత్తి అని ఉంది. ఆ అమ్మాయి బల్ల మీదికి వంగి నేను రాసేది చూస్తోంది. నాయిన నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన అయిదో తరగతి దాకా చదువుకున్నవాడు. నేను వ్యవసాయం అని రాశాను.

ఆ పదం రాయడానికి ఎంతసేపు పడుతుంది? ఇప్పటికీ అప్పుడప్పుడు ఖాళీ కాగితం మీద రాసి చూస్తుంటాను.

డాక్టరు ఎక్స్‌రే చూశాడు. ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు. కాగితం చూశాడు. పొలం పనేనా అని అడిగాడు. నాయిన ఒకసారి నావైపు చూసి, ఔ సారూ అన్నాడు. దగ్గి ఉమ్మిన గల్లను పరీక్షిస్తే ఏమీ దొరకలేదు. అయినా ఎక్స్‌రేను బట్టి టీబీయే అయి ఉంటుందని గోలీలు రాశారు. రైతు, దగ్గు, బరువు తగ్గడం, చుక్కలు. వాళ్ల చేతికి నేను ఇచ్చింది అంతే. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఆరు నెలలు నాయిన ఆ గోలీలు ఒక్కటీ తప్పకుండా మింగాడు. గోలీలు పనిచేస్తున్నాయి కదా అని క్రషర్‌కు కూడా ఒక్క రోజు తప్పకుండా పోయాడు. నేను హాస్టల్ నుంచి ఫోన్ చేసి గోలీలు వేసుకున్నావా అనే అడిగేదాన్ని. పనికి పోతున్నావా అని ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఆ పని ఏమిటో నా నోటితో నేనే చెప్పాల్సి వస్తుంది. దగ్గు పెరిగిందని అవ్వ చెబితే, మందు మధ్యలో వదిలేసి ఉంటాడని ఆయన మీదే కోపం చేసుకున్నాను.

చివరికి వరంగల్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. పెద్దవయసు మనిషి. ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. మా కాగితాలు తెరవనే లేదు. లేచి వచ్చి నాయిన చెయ్యి పట్టుకుని అరచేయి తిప్పి చూశాడు. వేళ్ల మొదట్లో కాయలు, గోళ్ల అంచున ఎన్ని నీళ్లు పోసినా వదలని తెల్లటి గీత.

"రాయి పని ఎన్నేండ్లు చేసినవ్?" అని అడిగాడు.

నాయిన మళ్లీ నావైపే చూశాడు. ఆయన చెప్పేది నాకు ఇష్టమో కాదో నా ముఖంలో వెతుక్కుంటున్నాడు. అప్పుడు నేను చెప్పాను, నా రెండో తరగతి నుంచి అని. ఇంత చదువుకుని ముందే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాడు డాక్టరు. గద్దించలేదు. మామూలుగానే అడిగాడు. లోపలికి పోయిన రాతిదుమ్ము ఇక బయటికి రాదని, ఊపిరితిత్తి దాని చుట్టూ గట్టిపడిపోతుందని, మొదటిసారే పని మానిపించి ఉంటే కొన్నేళ్లు కలిసివచ్చేవేమోనని చెప్పాడు. ఎన్నేళ్లని నేను అడగలేదు.

ఆ తర్వాత నాయిన ఏడాదిన్నర బతికాడు. చివరి నెలల్లో పడుకోలేకపోయేవాడు. బొంతలు చుట్టలా చుట్టి ముందు పెట్టుకుని, వాటి మీదికి వంగి కూర్చునే కునికిపాట్లు పడేవాడు. మాటలు తెగిపోయేవి. రెండు మాటలు, ఒక ఊపిరి, మళ్లీ రెండు మాటలు. నేను ఇంట్లో ఉన్న రోజుల్లో, నన్ను పిలవాల్సి వస్తే గొంతు వాడకుండా స్టీలు గ్లాసు మీద గోటితో కొట్టేవాడు. ఒక మధ్యాహ్నం నేను ట్రైనింగ్ డ్యూటీలో ఎవరికో సెలైన్ ఎక్కిస్తుండగా ఫోన్ వచ్చింది. అప్పటికే అయిపోయింది.

తర్వాత మానుకోటలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ఉద్యోగం దొరికింది. బయటివాళ్లు మహబూబాబాద్ అంటారు, అక్కడ ఉండేవాళ్లకు అది మానుకోటే. మిరపకాయల కాలంలో మార్కెట్‌కు బస్తాల లారీలు వస్తుంటే ఊరంతా ఒకేసారి దగ్గుతుంది. నవ్వుకుంటూ దగ్గుతారు, కళ్లు తుడుచుకుంటారు, ఆ లారీ వెళ్లిపోగానే మరిచిపోతారు. నాకు మాత్రం ఆ దగ్గుల్లో ఏది ఘాటు వల్ల వచ్చిందో, ఏది ఎప్పటినుంచో లోపల ఉన్నదో వేరుగా వినబడేది. పని అయిపోయి గదికి వచ్చాక కూడా చెవుల్లో అవే ఉండేవి.

అక్కడే ఒకరోజు గార్ల వైపు తండా నుంచి ఒక లంబాడ ఆమె వచ్చింది. యాభై అయిదేళ్లు ఉంటాయి. మనిషి పుల్లలా ఉంది. మెట్లు ఎక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాక చాలాసేపు మాట్లాడలేకపోయింది. వెంట కూతురు ఉంది. అంతకుముందు చూసిన డాక్టర్లలో టీబీ అని ఒకరు, బీడీలు తాగుతుందని ఒకరు తేల్చేశారట. మా యాడి బీడీ ముట్టదు అని కూతురు ఏడుపు గొంతుతో చెప్పింది. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ. కాగితం నింపే వంతు నాది. ఏం పని చేస్తుందని అడిగితే కూలి అంది కూతురు.

నేను పెన్ను పక్కన పెట్టేశాను. రాయి పనా, మట్టి పనా, మిరప కల్లాలా, పత్తి మిల్లా అని ఒక్కొక్కటే అడిగాను. ఏదీ కాదు. పొలాల్లో కలుపు, నాట్లు, అంతే. తండా దాటి ఎక్కడికీ వలస పోలేదు. ఇంటి దగ్గర వంట ఎట్లా అని అడిగాను. చిన్న గుడిసెలో కట్టెల పొయ్యి, కట్టెలు దొరక్కపోతే పత్తికట్టె, కిటికీ లేదు. దానికితోడు బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పని చాలా ఏళ్లు చేసిందట. రేకుల షెడ్డు, పెద్ద పొయ్యి, తడిసిన కట్టెలు. వండిన రోజంతా కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉండేవట.

అదంతా నేను రాస్తుంటే ఆమె ఆశ్చర్యంగా చూసింది. "పొగతోని గూడ రోగమొస్తదా బిడ్డా? పొగ లేని ఇల్లు ఏడుంటది?" అంది.

మా డాక్టరు ఆమెతో గాలి ఊదించే పరీక్ష చేయించి, టీబీ కాదని, పొగ వల్ల గాలిగొట్టాలు బిగుసుకుపోయాయని చెప్పాడు. పీల్చే మందు ఇచ్చాడు. అది ఎట్లా పీల్చాలో నేను నేర్పించాను. నెల తర్వాత వచ్చినప్పుడు మెట్ల మీద ఒక్కసారే ఆగిందట. అది చెప్పడానికి నా దగ్గరికి వచ్చింది. ఇయన్ని అడగాలని నీకెట్ల ఎరుక అంది. అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. నాయిన, గుట్ట, ఆ కాగితం, నేను రాసిన పదం, అన్నీ. ఆమె అడ్డు రాకుండా విన్నది. ఏడుస్తున్న నా చెయ్యి పట్టుకోలేదు, ఊరడించలేదు. బస్సు ఎన్నింటికి ఉందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అట్లయితే ఆయన పోడు. నీ ఎంబడే ఉంటడు."

నేను పెళ్లి చేసుకుని భూపాలపల్లి వచ్చేశాను. మా ఆయనకు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద మెకానిక్ షెడ్డు ఉంది. షెడ్డు వెనకే ఇల్లు. నాకు ఇక్కడే ఒక దవాఖానలో పని దొరికింది. పాప పుట్టింది. జనగామలో దుమ్ము తెల్లగా ఉండేది, ఇక్కడ నల్లగా ఉంటుంది. పొద్దున తుడిచిన కిటికీ ఊచ సాయంత్రానికి వేలికి అంటుకుంటుంది. పెరుగు మీద మూత కాస్త పక్కకు జరిగితే మీగడ మీద నల్లటి నలకలు. ఉతికి ఆరేసిన తెల్ల యూనిఫాం మళ్లీ దులుపుకుని వేసుకోవాలి. ఇవన్నీ అలవాటయ్యాయి. అలవాటు కావడమంటే ఏమిటో అప్పుడు అర్థం కాలేదు.

మా వీధిలో చలికాలం పొద్దున అందరూ వాకిళ్లలో బొగ్గుల పొయ్యి పెట్టి స్నానాలకు నీళ్లు కాగబెడతారు. లారీల మీది నుంచి జారిపడ్డ బొగ్గుపెళ్లలు ఏరుకుంటే చాలు. మంచులో ఆ పొగ పైకి పోదు, మంచం ఎత్తున పరుచుకుంటుంది. మేం కూడా పెట్టాం. తండా ఆమెకు పొగ గురించి అంత చెప్పినదాన్ని నేనే, మా హీటర్ చెడిపోయిన వారం ఇంటి వెనక వాకిట్లో ఆ పొయ్యి వెలిగించాను. హీటర్ బాగయ్యాక కూడా మానలేదు. పాపకు ఆ సెగ దగ్గర కూర్చోవడం ఇష్టం. అప్పుడు ఏడేళ్లది. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంటే, వెనక కూర్చుని నేను జడలు వేసేదాన్ని.

అట్లా ఒక పొద్దున జడ అల్లుతుంటే ఆ చప్పుడు వినబడింది. సన్నటి ఈల. తర్వాత దాని కింద ఇంకొకటి.

చేతులు ఆగిపోయాయి. గోడవైపు చూశాను. రోడ్డు మీద లారీ పోయింది, ఆ మోతలో చప్పుడు మునిగిపోయింది. మళ్లీ మరునాడు అదే సమయానికి వచ్చింది. మూడో రోజూ వచ్చింది. నాకు తండా ఆమె మాట గుర్తొచ్చింది. భయపడ్డానని చెబితే అబద్ధం అవుతుంది. నాకు సంతోషమైంది. ఇన్నేళ్ల తర్వాత నాయిన నా వాకిట్లో ఉన్నాడనుకున్నాను. పాప రిబ్బన్లు విప్పి మళ్లీ కట్టేదాన్ని, ఇంకాసేపు వినడానికి. బడికి ఆలస్యమవుతోందని అది గొణిగేది.

మా ఆయనకు చెప్పాను. నవ్వలేదు. ఈసారి పెత్రమాసకు మీ నాయిన పేరు మీద బియ్యం ఇయ్యలే గద, అందుకే అయి ఉంటుందన్నాడు. మరుసటి అమావాస్యకు బియ్యం, కూరగాయలు ఇచ్చి వచ్చాం. అయినా చప్పుడు పోలేదు. పోనందుకు నేను లోపల్లోపల మురిసిపోయాను.

అంతలో జనగామ వైపు మా చుట్టాలింట్లో పెళ్లి ఉందని అవ్వ వచ్చి పాపను తీసుకుపోయింది. పది రోజులు అది లేదు. పొద్దున్నే పొయ్యి వెలిగించి, జడ వేయడానికి ఎవరూ లేకపోయినా, అదే పీట పక్కన కూర్చుని ఎదురుచూసేదాన్ని. ఏమీ వినబడలేదు. మొదటి రోజు, రెండో రోజు, నాలుగో రోజు. నాయిన కూడా వాళ్ల వెంట జనగామ పోయాడేమో అనుకున్నాను. ఒక పొద్దున అక్కడే కూర్చుని ఏడ్చాను, రెండోసారి పోయినట్టు.

పాప తిరిగి వచ్చింది. రెండు రోజులు ఏమీ లేదు. మూడో పొద్దున పీట మీద కూర్చుని, అమ్మమ్మ ఇంట్లో మేక ఈనిన సంగతి చెబుతోంది. నేను దువ్వుతున్నాను. చప్పుడు వచ్చింది. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. అప్పుడు పాప మాటలు వినబడ్డాయి.

"మేకపిల్ల ఉంది గదా, మమ్మీ... అది లేసి... కింద పడ్డది... మళ్ల లేసింది..."

రెండు మాటలు, ఒక ఊపిరి. మళ్లీ రెండు మాటలు.

దువ్వెన పక్కన పడేసి పాప వీపుకు చెవి ఆనించాను. స్వెట్టర్ ఉన్ని కింద, ఆ చిన్న పక్కటెముకల వెనక, నేను నెలన్నరగా నాయినదని మురిసిపోయిన ఈల. నా స్టెతస్కోపు గోడకు తగిలించిన సంచిలో ఉంది. అన్ని రోజుల్లో ఒక్కసారి కూడా అది తీయాలని నాకు తోచలేదు. చనిపోయినవాడి ఊపిరి వింటూ, బతికున్న పిల్ల ఊపిరి వినలేదు నేను.

పాప నావైపు తిరిగి, ఏమైంది మమ్మీ, వీపు మీద ఏముంది అని అడిగింది. ఏం లేదన్నాను. ముందు ఆ పొయ్యిలో బకెట్ నీళ్లు కుమ్మరించాను. బుస్సుమని లేచిన పొగకు పాప దగ్గడం మొదలుపెట్టింది. ఎత్తుకుని ఇంట్లోకి పరుగెత్తాను.

పిల్లల డాక్టరమ్మ దగ్గర కాగితం ఇవ్వకముందే అన్నీ చెప్పేశాను. బొగ్గుల పొయ్యి, నేను వెలిగించిన సంగతి, రోడ్డు, లారీలు, షెడ్డులో డీజిల్ పొగ, పది రోజులు జనగామలో ఉంటే తగ్గిన సంగతి. ఆమె నాకంటే చిన్నది. రాస్తూ రాస్తూ ఒకసారి తలెత్తి నా మెడలోని ఐడీ కార్డు చూసింది. పాపకు మాస్క్ పెట్టి గాలి మందు పట్టించారు. కాసేపటికి ఈల సన్నబడి, తెగి, ఆగిపోయింది. అది ఆగిపోయిన క్షణంలో నాలో ఎక్కడో, ఒక్క రెప్పపాటు, నాయిన వెళ్లిపోతున్నాడన్న బాధ కలిగింది. అట్లా కలిగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆస్తమా అన్నారు. రోజూ పీల్చే పంపు ఇచ్చారు. ఇంట్లో పెద్ద గొడవ దాని గురించే. ఈ వయసులో పంపు అలవాటైతే జీవితాంతం వదలదని మా ఆయనకు ఎవరో చెప్పారు. మా నాయినకు మొదటిసారే సరైన మందు, సరైన మాట దొరికి ఉంటే ఎట్లా ఉండేదో ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆ కాగితం సంగతి మా ఆయనకు కూడా అప్పుడే తెలిసింది. పంపుకు ఒప్పుకున్నాడు. ఇల్లు మారుదామంటే మాత్రం ఒప్పుకోలేదు.

"మన కూడు గా లారీలదే గదనే," అన్నాడు.

షెడ్డు వదలమనడం లేదు, పిల్లను వదలమంటున్నానని చెప్పాను. ఆయన లేచి వెళ్లి షెడ్డు షట్టర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. వారం తర్వాత ఊరికి అవతలి వైపు, రోడ్డుకు దూరంగా ఒక ఇల్లు చూసి వచ్చాడు.

ఆ ఇల్లు ఖాళీ అయ్యేదాకా పాపను అవ్వ దగ్గర ఉంచడానికి జనగామ పోయాను. అప్పుడే అవ్వకు కూడా చెప్పాను. క్లినిక్‌లో వ్యవసాయం అని నేనే రాశానని, అందుకే వాళ్లకు అసలు రోగం తెలియలేదని. అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"మీ నాయినకు ఎరుకే. ఆ పొద్దు ఇంటికొచ్చి నాకు చెప్పిండు. బిడ్డ నన్ను రైతు అని రాసిందే అని నవ్విండు. మరి నువ్వు చెప్పకపోయినవా అంటే, దాని దోస్తు ముంగట దాని ముఖం చిన్నవోతదన్నడు."

అవ్వ ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. "నాకు ఆ పొద్దే కోపమొచ్చింది నీ మీద. ఇయ్యాలటిదాంక ఉన్నది. నాకు ముందే చెప్తవేమో అని చూసిన," అంది. కాసేపటికి చేట నావైపు కొద్దిగా జరిపింది. ఇద్దరం కలిసి ఒలిచాం. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు కొత్త ఇంట్లో ఉంటున్నాం. మా ఆయన షెడ్డులోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికి వస్తాడు. పాప పొద్దున, సాయంత్రం పంపు పీల్చి, నోరు పుక్కిలించి, లెక్కచేయనట్టు ఆడుకోవడానికి పోతుంది. పరుగెత్తితే ఇంకా ఆయాసంతో ఆగుతుంది కానీ, మునుపటంత కాదు. జడ వేసేటప్పుడు ఇప్పుడు ఏమీ వినబడదు. వినబడకూడదనే నా కోరిక. అయినా చెవి అటే ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు అనిపిస్తుంది.

ఈ ఏడాది చలి మొదలైన పొద్దున మా కిటికీలోంచి పొగ వచ్చింది. బయటికి వెళ్లి చూస్తే పక్కింటి ఆమె గేటు ముందు బొగ్గుల పొయ్యి పెట్టింది. ఒళ్లో నెలల పిల్లవాడు. నన్ను చూసి, కొత్తగా వచ్చిండ్రు గద అక్కా, రాండ్రి, జర చలి కాగుండ్రి అని తన పీట నాకోసం జరిపింది. నేను కూర్చోలేదు. కూర్చోకపోవడం ఆమెకు నచ్చలేదని తెలిసింది. నిలబడే నా పాప సంగతి చెప్పాను. ఆమె పిల్లవాడి తల మీదికి కొంగు లాగింది. కాసేపు పొయ్యివైపు చూసింది.

"మరి నీళ్లెట్ల కాగాలె?" అంది.

పొగ లేని ఇల్లు ఏడుంటదని తండా ఆమె అడిగిన ప్రశ్న లాంటిదే ఇది. మా గీజర్ నీళ్లు తీసుకుపొమ్మన్నాను. మొహమాటపడింది. మరునాడు బకెట్ తెచ్చింది. ఇప్పుడు చాలా రోజులు పొద్దున్నే ఆమె బకెట్ మా కుళాయి కింద ఉంటుంది. కొన్ని రోజులు కరెంటు ఉండదు, కొన్ని రోజులు ఆమె అత్త ఒప్పుకోదు. ఆ రోజుల్లో బకెట్ రాదు, పొగ వస్తుంది. నేను కిటికీలు మూసి, పాపను వెనక గదిలోకి పంపి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లి, పిల్లవాణ్ని నాకియ్యి, నీళ్లు కాగేదాంక మా ఇంట్ల ఉంటడు అని చేతులు చాపుతాను. ఒక్కోసారి ఇస్తుంది.